నల్ల బొమ్మ వద్దంటున్న నాలుగేళ్ల పాపకు ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. మీరు తెలుగువారు, మీవారు బ్లాక్ అమెరికన్, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. పాపకు నాలుగున్నరేళ్లు. డేకేర్‌లో గోధుమ రంగు బొమ్మను చేతికిస్తే "ఇది నాకొద్దు, బాలేదు" అని పక్కకు తోసేసిందని టీచర్ చెప్పారు. ఆ రాత్రి మీకు నిద్ర పట్టలేదు. చూసుకుంటే ఇంట్లో ఉన్నవన్నీ తెల్ల బొమ్మలే. నల్ల బొమ్మలు కొంటే సరిపోతుందా, ఉన్నవి తీసేయాలా, ఎండాకాలంలో వస్తున్న మీ అమ్మగారికి ఏం చెప్పాలి? ఇవీ మీ ప్రశ్నలు.

కొనండి. ఒకటి కాదు, మూడో నాలుగో కొనండి. కానీ బొమ్మను తెచ్చి అరలో పెడితే పని జరగదు. దాన్ని మీరు ఎత్తుకోవాలి, దాని తల దువ్వాలి, పాప చూస్తుండగా ముద్దు చేయాలి. ఇంట్లో ఎవరిని ముద్దు చేస్తారో, ఎవరి జుట్టు దగ్గర ఓపిక పడతారో, ఎవరి దగ్గర విసుక్కుంటారో పిల్లలు బొమ్మల మీద అచ్చం అలాగే ఆడి చూపిస్తారు. ఉన్న తెల్ల బొమ్మలను మాత్రం తీసేయకండి. ఎందుకో కింద చెప్తాను.

నేను అట్లాంటాలో ప్రీ-కే టీచర్‌ని. 19 ఏళ్లుగా నాలుగేళ్ల పిల్లలతోనే నా పని. నా క్లాసులో ఏటా సగానికి పైగా నల్లజాతి పిల్లలే ఉంటారు. మాది తెనాలి దగ్గర పల్లె. కాబట్టి మీ ఇంట్లో రెండు వైపుల నుంచీ వచ్చే మాటలు నాకు బాగా తెలిసినవే.

ముందు ఒక విషయం చెప్పి మీ టెన్షన్ కొంచెం తగ్గించాలి. ఒక బొమ్మను ఒకసారి వద్దన్నంత మాత్రాన పాప తనను తాను అసహ్యించుకుంటోందని అనుకోకండి. కొన్నేళ్ల క్రితం ఒక తల్లి ఇలాగే ఏడుస్తూ వచ్చింది. మర్నాడు పాపను పక్కన కూర్చోబెట్టుకుని "ఈ బొమ్మలో నీకేం నచ్చలేదు?" అని మామూలుగా అడిగాను. "దీనికి కళ్లు మూతపడవు, నిద్రపోదు" అంది. అంతే. పడుకోబెడితే కళ్లు మూసుకునే నల్ల బొమ్మ ఒకటి తెచ్చాక దాన్ని వదల్లేదు. అందుకే మీరు మొదట చేయాల్సింది అడగడం. "అలా అనకూడదు, తప్పు" అంటే పిల్ల నోరు మూసుకుంటుంది, మనసులో ఉన్నది అక్కడే ఉండిపోతుంది. ఏం నచ్చలేదని అడిగితే చెప్తుంది. నేను అడిగినప్పుడు ఎక్కువసార్లు వచ్చిన జవాబు ఒళ్లు రంగు గురించి కాదు, జుట్టు గురించి.

అలాగని మీ భయం ఉత్తది అనడం లేదు. కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్తల జంట 3 నుంచి 7 ఏళ్ల వయసున్న 253 మంది నల్లజాతి పిల్లల ముందు బొమ్మలు పెట్టి ప్రశ్నలు అడిగారు. రంగు, జుట్టు తప్ప మిగతా అంతా ఒకేలా ఉన్న బొమ్మలు. ఆడుకోవడానికి ఏది కావాలంటే 67 శాతం మంది తెల్ల బొమ్మను చూపించారు. ఏది బాలేదంటే 59 శాతం మంది గోధుమ రంగు బొమ్మను చూపించారు. ఇది 1947లో అచ్చయింది. నల్ల పిల్లలకు, తెల్ల పిల్లలకు వేరువేరు బడులు ఉండకూడదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రౌన్ తీర్పులో క్లార్క్ పని ప్రస్తావన ఉంది.

ఆ లెక్కల్లో మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. దాని గురించి జనం ఎక్కువగా మాట్లాడుకోరు. దక్షిణాదిలో, అర్కాన్సాస్‌లో, నల్లవాళ్ల బడుల్లో చదివే పిల్లల్లో తెల్ల బొమ్మ కావాలన్నవాళ్లు 62 శాతం. ఉత్తరాన మసాచుసెట్స్‌లో, కలిసి చదివే బడుల్లో ఉన్న పిల్లల్లో 72 శాతం. వేరు బడులే మేలని దీనికి అర్థం కాదు. ఆ వేర్పాటు పిల్లలను గాయపరుస్తోందని క్లార్క్ దంపతులు కోర్టులోనే చెప్పారు. నేను తీసుకున్నది ఇంతే: తనలాంటి వాళ్లు చుట్టూ తక్కువగా కనిపించే చోట పిల్లకు ఇంట్లో ఇంకాస్త బలం కావాలి. మీ పాప క్లాసులో నల్లజాతి పిల్లలు తను కాక ఇంకొక్కరే ఉన్నారని రాశారు. అది చిన్న విషయం కాదు.

తర్వాతి తరం పరిశోధకులు ఇంకో మాట కూడా చెప్పారు. పిల్ల ఏ బొమ్మ ఎంచుకుందనేది వేరు, తనను తాను ఎంత ఇష్టపడుతోందనేది వేరు. రెంటినీ ఒకటి చేయకూడదు. నా అనుభవంలోనూ అంతే. తెల్ల బొమ్మతో ఆడుకుంటూ హాయిగా, ధైర్యంగా ఉండే పిల్లలను చాలామందిని చూశాను. అందుకే ఒక్కటి గట్టిగా చెప్తున్నాను: ఇంట్లో ఆ పరీక్ష పెట్టకండి. రెండు బొమ్మలు ముందు పెట్టి "ఏది అందంగా ఉంది చెప్పు" అని అడగడం, ఫోన్‌లో వీడియో తీయడం అస్సలు వద్దు. ఆ ప్రశ్నే పిల్లకు కొత్త పాఠం నేర్పుతుంది, ఇద్దరిలో ఒకరే అందంగా ఉండాలని. "ఈ పాప ఇవాళ ఎక్కడికెళ్తోంది? ఏం తింటుంది?" అని అడగండి చాలు.

ఇక జుట్టు సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అసలు పని ఇక్కడే ఉంది.

నా క్లాసులో ఒక పాప రోజూ వస్తూనే డ్రెస్సింగ్ కార్నర్‌లోంచి పసుపు రంగు టీషర్టు తీసుకుని మెడ భాగాన్ని నుదుటికి తగిలించుకునేది. మిగతా టీషర్టు వీపు మీద వేలాడేది. "ఇది నా జుట్టు" అంటూ తల అటూ ఇటూ ఊపేది. ఆ పాప సొంత జుట్టు చక్కగా వరసలు తీసి అల్లి, చివర్లలో ఎర్ర పూసలు కట్టి ఉండేది. వాళ్లమ్మ ఆదివారం మూడు గంటలు కూర్చుని అల్లేదని తర్వాత తెలిసింది. ఆ పూసలు టక్కుటక్కుమనకుండా పిల్ల వాటి మీద టీషర్టు కప్పుకునేది.

అప్పుడు నేను తప్పు చేశాను. టీషర్టు తీసేసి, "నీ జుట్టే బాగుంది, ఇదిగో నీలాంటి బొమ్మ" అని నల్ల బొమ్మను చేతిలో పెట్టాను. విసిరికొట్టింది. తీరా చూస్తే ఆ బొమ్మకున్నది పట్టులాంటి సాఫు జుట్టు, నడుము దాకా. రంగు ఒక్కటే నల్లది. "నీలాంటి బొమ్మ" అని నేను అబద్ధం చెప్పాను, పిల్ల కనిపెట్టింది.

బొమ్మల కంపెనీలూ చాలాకాలం ఇదే చేశాయి. 1967లో బార్బీ బొమ్మల కంపెనీ మ్యాటెల్ అమ్మిన 'కలర్డ్ ఫ్రాన్సీ' తెల్ల బొమ్మ అచ్చులోనే పోసి రంగు మార్చిన బొమ్మ. మరుసటేడు లాస్ ఏంజెలెస్‌లో షిందానా టాయ్స్ అనే బొమ్మల కంపెనీ మొదలైంది. 1965లో ఆ ఊళ్లోనే వాట్స్ అనే నల్లజాతివాళ్ల పేటలో జరిగిన తిరుగుబాటు తర్వాత ఆ చుట్టుపక్కల వాళ్ల కోసం లూ స్మిత్, రాబర్ట్ హాల్ పెట్టిన ఆపరేషన్ బూట్‌స్ట్రాప్ సంస్థ నుంచి పుట్టిన కంపెనీ అది. దాని మొదటి బొమ్మ బేబీ నాన్సీ. ముక్కు, పెదవులు నల్లజాతి పాపవే. ఆ కంపెనీ 1983లో మూతపడింది కానీ బేబీ నాన్సీకి 2020లో, పేరున్న ఆటబొమ్మలను గౌరవించే నేషనల్ టాయ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో (న్యూయార్క్ రాష్ట్రం, రోచెస్టర్) చోటిచ్చారు. మ్యాటెల్‌లోనే నల్లజాతి డిజైనర్ కిట్టీ బ్లాక్ పెర్కిన్స్ చేసిన మొదటి బ్లాక్ బార్బీ వచ్చేసరికి 1980 అయింది. ఎర్ర గౌను, పొట్టిగా, గుండ్రంగా నిలిచే ఆఫ్రో జుట్టు. మీ అత్తగారు ఆ కాలంలో పెరిగినవారే కదా. చిన్నప్పుడు ఆమెకు ఏ బొమ్మ ఉండేదో ఒకసారి ఫోన్ చేసి అడగండి, పాప వింటుండగా. మా దగ్గరికి గ్రాండ్‌పేరెంట్స్ డే రోజున వచ్చిన ఒక పెద్దావిడ, వాళ్లమ్మ దుకాణంలో తెల్ల బొమ్మ కొని, దాని ముఖానికి, చేతులకు గోధుమ రంగు పెయింట్ వేసి ఇచ్చిందని చెప్పింది. నలభై ఏళ్ల టీచర్లం కూడా కళ్లు తుడుచుకున్నాం. పిల్లలు మాత్రం "పెయింట్ ఆరాక ఇచ్చిందా?" అని అడిగారు.

ఆ టీషర్టు పాప దగ్గరికి వస్తాను. ఆ ఏడాది క్లాసులో ఒక మూల చిన్న బ్యూటీ షాప్ పెట్టాం. అద్దం, నీళ్లు చల్లే స్ప్రే సీసా, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెన, ఖాళీ కండిషనర్ డబ్బా, పూసల పెట్టె, పాత సాటిన్ లంగా కత్తిరించి కుట్టిన నాలుగు బుల్లి బానెట్లు. రాత్రి పడుకునేటప్పుడు జుట్టు రేగిపోకుండా తలకు పెట్టుకునే టోపీ అది, మీ ఇంట్లో మీ ఆడపడుచులు వాడుతూనే ఉంటారు. గిరజాల జుట్టు, ఊలు జుట్టు ఉన్న బొమ్మలు ఆరు పెట్టాం. ఆ పాప వాళ్లమ్మను ఒక ఉదయం రమ్మని అడిగాం. ఆమె చిన్న స్టూలు మీద కూర్చుని, బొమ్మను మోకాళ్ల మధ్య పెట్టుకుని, తన కూతురికి అల్లినట్టే పాయలు తీసి అల్లింది. పిల్లలంతా చుట్టూ మూగారు. తెల్ల పిల్లలు కూడా "నాకు, నాకు" అని తలలు పెట్టారు. పాప వాళ్లమ్మ పక్కనే నిలబడి ఒక్కో పూస అందించింది. ఎవరో ముందే తీసుకుంటే ఒప్పుకోలేదు. టీషర్టు ఆ వారమే మానేసిందని చెప్పను. అప్పుడప్పుడూ కట్టుకునేది, నెలలు పట్టింది. కానీ బొమ్మలకు అల్లడంలో మాత్రం క్లాసు మొత్తానికి ఆ పాపే పెద్ద.

మీ ఇంట్లో దీన్ని ఇలా చేయండి. ఆదివారం పాప తల స్నానం రోజున బొమ్మకు కూడా తల స్నానం. పాప జుట్టుకు మీరు నీళ్లు చల్లి, కండిషనర్ పట్టించి, చివర్ల నుంచి పైకి చిక్కు తీస్తుంటే, పాప బొమ్మకు అదే చేస్తుంది. బొమ్మ గిరజాల జుట్టును పొడిగా ఉన్నప్పుడు బ్రష్‌తో దువ్వకండి, రేగిపోయి మళ్లీ గిరజాలు కావు. తడిపి, కొంచెం కండిషనర్ రాసి, వేళ్లతో విడదీయాలి. పాప జుట్టుకూ దాదాపు అదే సూత్రం. అసలు కడిగి, అల్లుకునే జుట్టు కోసమే చేసిన బొమ్మలు ఇప్పుడు వస్తున్నాయి. హెల్తీ రూట్స్ అనే కంపెనీ వాళ్ల జోయీ బొమ్మ అలాంటిదే.

ఇందులో కష్టమైన భాగం మీది. మనకు అలవాటైన జుట్టు వేరు. కొబ్బరినూనె రాసి, దగ్గరగా దువ్వి, గట్టిగా జడ వేయడం మన చేతికి తెలుసు. మీ పాప జుట్టుకు అది కుదరదు. కుదరనప్పుడు మన నోటి నుంచి "అబ్బా, ఈ జుట్టుతో చచ్చిపోతున్నా" అని వచ్చేస్తుంది. మీరు అన్నారని కాదు, నేను చాలామంది తల్లుల నోట విన్నాను. ఆ విసుగు రేపు బొమ్మ మీద కనిపిస్తుంది. మీ ఆడపడుచు దగ్గర కూర్చుని నేర్చుకోండి. నేర్చుకుంటున్నట్టు పాపకు కనపడనివ్వండి. బయటి లోకంలో ఈ జుట్టు మీద ఎంత వివక్ష ఉందంటే, దాన్ని ఆపడానికి చట్టాలే చేయాల్సొచ్చింది. క్రౌన్ యాక్ట్ 2019లో కాలిఫోర్నియాలో మొదలై, మీ టెక్సాస్‌లో 2023 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కనీసం ఇంట్లో ఆ జుట్టు భారం కాకూడదు.

తెల్ల బొమ్మలను ఎందుకు తీసేయొద్దన్నానో చెప్తాను. నిన్నటిదాకా ముద్దు చేసిన బొమ్మ ఇవాళ మాయమైతే పిల్లకు అర్థమయ్యేది "నేనేదో తప్పు చేశాను" అని. లేదంటే "నల్ల బొమ్మ వచ్చి నా బొమ్మను తీసేసింది" అని. రెండూ మనకొద్దు. వచ్చిన బొమ్మలను కలిపేయండి. ఆటలో మాత్రం నల్ల బొమ్మకు మంచి పాత్ర మీరివ్వండి. టీ పార్టీకి పిలిచేది అదే, డాక్టర్ అదే, పుట్టినరోజు దానిదే. పాపను బలవంతం చేయకండి. మీరే ఒక బొమ్మను ఎత్తుకుని ఆడటం మొదలుపెడితే పది నిమిషాల్లో వచ్చి లాక్కుంటుంది.

కొనేటప్పుడు ఒకే ఛాయలో కొనకండి. ముదురు, లేత, మధ్య రకం. అచ్చం పాప రంగే దొరకాలని ఊరంతా వెతకనక్కర్లేదు. బొమ్మలే కానక్కర్లేదు కూడా. బ్లాకుల్లో పెట్టే చిన్న మనుషులు, పజిళ్లు, రంగు పెన్సిళ్లు కూడా లెక్కే. క్రేయోలా కంపెనీ క్రేయాన్ల డబ్బాలో 1962 దాకా లేత గులాబీ రంగుకు 'ఫ్లెష్' అని పేరుండేది, అంటే ఒళ్లు రంగని. ఆ తర్వాత 'పీచ్' అని మార్చారు. 2020లో మనుషుల ఒళ్లు రంగులు 24 ఉన్న డబ్బా తెచ్చారు. అది కొనండి. నేను క్లాసులో పెయింట్ కలిపిస్తాను. ప్రతి పిల్లా తన ముంజేతి పక్కన బ్రష్ పెట్టి చూసుకుంటూ తన రంగు కలుపుకోవాలి, దానికో పేరు పెట్టాలి. మీ ఇంట్లో ముగ్గురూ కలపండి. పేర్లు మన తెలుగులోనే ఎన్ని ఉన్నాయో: తాటిబెల్లం, దాల్చినచెక్క, కాఫీ డికాక్షన్, తేనె, కొత్త చింతపండు. పాపది నాన్న రంగూ కాదు, అమ్మ రంగూ కాదు. రెండు రంగులూ తన చేత్తో కలిపి తన రంగు వచ్చిందని చూసుకున్నప్పుడు ఆ ముఖం మీరు చూడాలి.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. ఆవిడ ప్రేమలో నాకు అనుమానం లేదు. కానీ మన మాటల్లో రంగు ఎక్కడెక్కడ దూరిందో మనకే తెలియదు. "నల్లగా ఉన్నా కళగా ఉంది" అంటాం, పొగుడుతున్నామనే అనుకుంటాం. పిల్ల ఆ "ఉన్నా" దగ్గర ఆగిపోతుంది. "ఎండలో తిరగకు, నల్లబడతావు" అంటాం. "సున్నిపిండితో రుద్దితే రంగు తేలుతుంది" అంటాం. ఇవన్నీ నేను పుట్టి పెరిగిన ఇంట్లో విన్నవే, నా మేనకోడలికి నేనూ అన్నవే. ఆవిడ వచ్చాక పాప ముందు సరిదిద్దితే నొచ్చుకుంటారు. బయలుదేరే ముందే ఫోన్‌లో చెప్పండి. "అమ్మా, దాని ముందు రంగు మాట వద్దు. కళగా ఉందని మాత్రం అను" అంటే సరిపోతుంది. ఎండకు "వడదెబ్బ తగులుతుంది, టోపీ పెట్టుకో" అనొచ్చు. నలుగు మానక్కర్లేదు, "ఒళ్లు మెత్తగా ఉంటుంది" అని చెప్పి పెట్టొచ్చు.

ఎప్పుడు ఇంకొకరి సాయం తీసుకోవాలి? పాప ఒళ్లు గట్టిగా రుద్దుకుని రంగు పోవాలంటున్నా, ఫొటోలకు దాక్కుంటున్నా, "నేను బాలేను" అనే మాట వారాల తరబడి వస్తున్నా పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి. పిల్లల కౌన్సెలర్ దగ్గరికి పంపుతారు. ఈలోగా డేకేర్ టీచర్‌ను అడగండి, ఆటలో ఎవరైనా "నువ్వు ప్రిన్సెస్‌వి కాలేవు" లాంటి మాట అన్నారేమోనని. నాలుగేళ్లకే ఆ మాటలు మొదలవుతాయి. అక్కడి ఆట మూలలో ఎన్ని నల్ల బొమ్మలున్నాయి, వాటికి బట్టలున్నాయా, జుట్టు దువ్వి ఉందా అనేది కూడా చూసి రండి. చాలాచోట్ల బుట్ట అడుగున ఒక్కటే ఉంటుంది, ఒంటి మీద గుడ్డ లేకుండా, జుట్టు ఉండకట్టి. దాన్ని చేతికిస్తే మీ పాపేంటి, ఏ పిల్లైనా వద్దనే అంటుంది.

చివరగా, అమ్మగారు ఇండియా నుంచి బొమ్మ తెస్తానంటున్నారని రాశారు కదా. కొన్న బొమ్మ వద్దని చెప్పండి. ఆవిడకు కుట్టు వచ్చు అన్నారు. ముదురు గోధుమ రంగు కాటన్ గుడ్డ ఒక మీటరు, నల్ల ఊలు రెండు ఉండలు తెమ్మనండి. ఇక్కడికొచ్చాక పాపను పక్కన కూర్చోబెట్టుకుని గుడ్డ బొమ్మ కుడతారు. దూది కూరడం పాప పని. జుట్టుకు ఊలు లావుది తెమ్మనండి, సన్నదైతే రెండు రోజులకే చిక్కుపడుతుంది. ఒక్కో పోగునూ తలకు విడిగా కుట్టమనండి, అప్పుడే పాయలు తీసి అల్లడానికి వీలవుతుంది.